ఎత్తు చివరి సంగతి: పడటం గురించి పాఠకుల ప్రశ్నలు, కోచ్ జవాబులు

గత సంచికలో జపాన్ యుద్ధవిద్యలైన జూడో, ఐకిడోల్లో దెబ్బ తగలకుండా కింద పడటం గురించి నాలుగు మాటలు రాశాను. విసరడం గురించి రాసినప్పుడు కూడా ఇన్ని ఉత్తరాలు రాలేదు. ఒకే ప్రశ్నను చాలామంది అడిగారు కాబట్టి కొన్నిటిని కలిపేశాను. పేర్లు తీసేసి వయసు, నేర్చుకుంటున్న విద్య మాత్రం ఉంచాను.

మాస్టారూ, నాకు 20 ఏళ్లు. రెండేళ్లుగా ఐకిడో నేర్చుకుంటున్నాను. మామూలు రోల్ బాగానే వస్తుంది. మణికట్టు మెలిపెట్టే కోతే గాయెషి పట్టు వేసినప్పుడు మా సీనియర్లు గాల్లో పూర్తిగా తిరిగి పక్క మీద పడతారు. నాకూ అలా పడాలని కోరిక. వీడియోలు చూసి క్రాష్ మ్యాట్ మీద ఒక్కడినే చేస్తే బ్రహ్మాండంగా వస్తోంది. మామూలు మ్యాట్ మీదికి రాగానే నడుము, చీలమండ అదిరిపోతున్నాయి. తప్పెక్కడ?

క్రాష్ మ్యాట్ దగ్గరే. 20, 30 సెంటీమీటర్ల మందం ఉన్న ఆ స్పాంజి మీద ఎలా పడినా బాగానే ఉంటుంది. కాలు మీద కాలు పడినా, మడమ ముందు తగిలినా, నడుము ముందు దిగినా మీకు తెలియదు. బ్రహ్మాండంగా వస్తోందని మీరు అనుకున్నన్నాళ్లూ ఆ తప్పులన్నీ అలవాటైపోయాయి. 4, 5 సెంటీమీటర్ల మ్యాట్ మీదికి వచ్చాక అవి ఒక్కసారిగా బయటపడ్డాయి.

అసలు ఇలా పడాల్సిన అవసరం ఎందుకు వచ్చిందో చూడండి. కోతే గాయెషిలో ఎదుటివాడు మీ మణికట్టును బయటికి మెలిపెట్టి పట్టుకుంటాడు. మామూలు రోల్‌కి ఆ చేయి నేల మీద పెట్టాలి. కానీ అది అతని దగ్గర ఉంది. ఇక మిగిలిన దారి, పట్టుబడిన చేతి చుట్టూ మిగతా శరీరాన్ని తిప్పేయడమే. గాల్లో తిరిగి పడే ఈ పద్ధతిని తోబి ఉకెమి అంటారు, అది మణికట్టును కాపాడుకోవడానికి చేసే పని. చూడటానికి అందంగా ఉండటం కొసరు. పట్టుకున్న చేయి లేకుండా ఒంటరిగా ఎగిరితే మీరు సాధన చేస్తున్నది వట్టి పల్టీ. అది నేర్చుకోవాలనుంటే జిమ్నాస్టిక్స్ వాళ్ల దగ్గరికి వెళ్లండి, వాళ్లు మాకన్నా బాగా నేర్పుతారు.

కొంచెం లెక్క చెబుతాను, భయపడకండి. మీటరు ఎత్తు నుంచి పడిన శరీరం నేలను తాకేటప్పటికి గంటకు దాదాపు 16 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ఆ వేగం 2 సెంటీమీటర్ల దూరంలో ఆగిపోతే శరీరం మీద సగటున దాని బరువుకు 50 రెట్ల బలం పడుతుంది. 10 సెంటీమీటర్లలో ఆగితే 10 రెట్లే. పడే పద్ధతులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. ఆగే దూరాన్నీ సమయాన్నీ పెంచడం, తగిలే బలాన్ని ఒక్క ఎముక మీద పడనీయకుండా పిక్క, తొడ, వీపు పక్క, ముంజేయి అన్నిటికీ పంచడం. రోల్‌లో సమయం ఎక్కువ దొరుకుతుంది. గాల్లో తిరిగి పడినప్పుడు అంత సమయం ఉండదు, శరీరమంతా దాదాపు ఒకేసారి దిగుతుంది. అందుకే అక్కడ దిగిన భంగిమే సర్వస్వం. భంగిమ రాకుండా ఎత్తు పెంచితే ఏమవుతుందో మీ నడుము చెబుతూనే ఉంది.

ఆ భంగిమను ముందు పడుకుని చూసుకోండి. ఎడమ పక్క మీదికి దిగుతున్నారనుకుందాం. ఎడమ కాలు కొద్దిగా మడిచి, దాని బయటి వైపు మొత్తం మ్యాట్‌కి ఆనాలి. కుడి మోకాలు పైకి మడిచి అరికాలు పూర్తిగా నేల మీద ఉంచాలి. రెండు కాళ్ల మధ్య ఒక అడుగు ఖాళీ ఉండాలి, మోకాళ్లు ఒకదానికొకటి తగలకూడదు. ఎడమ చేయి ఒంటికి 30 నుంచి 45 డిగ్రీల దూరంలో, అరచేయి కిందికి. గడ్డం ఛాతీకి దగ్గరగా, చూపు బెల్టు ముడి మీద. మీ చీలమండ నొప్పికి కారణం దాదాపుగా కాళ్లు కలిసిపోవడమే, పై కాలు వచ్చి కింది కాలి ఎముక మీద పడుతోంది. నడుము నొప్పికి కారణం సగం తిరిగాక తల వెనక్కి వాల్చి పైకప్పు చూడటం. తల వెనక్కి వెళితే నడుము విల్లులా వంగి అదే ముందు దిగుతుంది.

నేను నేర్పేటప్పుడు నాలుగు సంగతులు చూసుకుంటాను: ఎత్తు, వేగం, ఎదుటి మనిషి, అనుకోకుండా రావడం. ఒకసారికి వీటిలో ఒక్కటే పెంచుతాను. రెండు కలిపి పెంచిన రోజే దెబ్బలు తగులుతాయి. మీరు ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టి ఎత్తునూ వేగాన్నీ ఒకేసారి తెచ్చుకున్నారు.

పడుకుని భంగిమ రెండు పక్కలా కుదిరాక, మోకాళ్ల మీద నుంచి రోల్ చేసి లేవకుండా అదే భంగిమలో ఆగండి. లేచి నిలబడాలన్న ఆత్రం చాలామందిని పాడుచేస్తుంది. తర్వాత జోడీని మోకాళ్లూ చేతుల మీద ఉండమని, అతని వీపు మీదుగా బోర్లా వాలి, అవతలి పక్కన అతని బెల్టునో జాకెట్‌నో పట్టుకుని, ఆ వీపు మీదుగా దొర్లి దిగండి. ఎత్తు అతని వీపంత, వేగం మీ చేతిలో ఉంటుంది. అది విసుగొచ్చేంత సులువయ్యాక జోడీ కొంచెం కొంచెం లేస్తాడు. చివరికి నిలబడి మీ చేయి పట్టుకుంటాడు, మీరు మీ ఇష్టప్రకారం మెల్లగా అతని చేతి చుట్టూ తిరుగుతారు. అతను విసరడం ఇంకా ఆ తర్వాత. మీకు తెలియకుండా విసరడం అన్నిటికన్నా తర్వాత.

ఇక జోడీ. మీరు పడే తీరులో సగం అతని చేతిలో ఉంది. మీరు దిగే క్షణంలో అతను మీ చేతిని వదలకుండా కొద్దిగా పైకి లాగి పట్టాలి. ఆ లాగుడే మీ భుజాన్నీ తలనూ నేలకు కొట్టుకోకుండా ఆపుతుంది. మధ్యలో వదిలేస్తే తిరగడం ఆగిపోయి మెడ మీద పడే ప్రమాదం ఉంది. క్లబ్బులో అందరికన్నా బాగా విసిరేవాడిని కాకుండా, చివరిదాకా చేయి వదలని వాడిని చూసుకోండి. మీరూ అలాంటివారు కాకపోతే అతను మీతో ఎందుకు సాధన చేస్తాడన్నది వేరే సంగతి.

క్రాష్ మ్యాట్ పనికిరానిదని కాదు. మొదటిసారి భయం పోగొట్టడానికి వాడండి. కానీ దాని మీద నుంచి తన్ని ఎగరకండి, పాదం లోపలికి దిగిపోయి చీలమండ, మోకాలు మెలిపడతాయి. కొన్నిసార్లు బాగా దిగగలిగాక మామూలు మ్యాట్ మీదికి, మళ్లీ తక్కువ ఎత్తుకు రండి. రోజూ సాధన చివర్లో కాకుండా ఒళ్లు వేడెక్కిన తర్వాత, అలసట రాకముందు చెయ్యండి. మెడ అలసిన సంగతి మనకు తెలియదు. జోడీని గడ్డం మీద కన్నేసి ఉంచమనండి. గడ్డం పైకి లేచిందని అతను అన్న వెంటనే ఆ రోజుకు ఆపేయాలి, ఇంకొక్కటి అనకూడదు.

మాస్టారు గారూ, మా పాపకు 11 ఏళ్లు. జూడోలో చేర్చి నెల దాటింది. ఇంతవరకూ కింద పడి చేతులతో మ్యాట్‌ని కొట్టడమే. అరచేతులు ఎర్రబడి వస్తోంది. ఎంత గట్టిగా చప్పుడు వస్తే అంత బాగా పడినట్టు అని పిల్లలు పోటీ పడుతున్నారట. ఇది నిజంగా అవసరమా? దానికన్నా తలకు దెబ్బ తగులుతుందేమోనని నాకు టెన్షన్.

అమ్మా, నెల రోజులు పడటమే నేర్పుతున్న కోచ్ దొరకడం మీ అదృష్టం. మార్చకండి. జిగోరో కానో 1882లో కొడోకాన్ అనే శిక్షణశాల పెట్టి జూడోను ఒక పద్ధతిగా తీర్చినప్పటి నుంచీ పడటం నేర్చుకోవడం ఆ చదువులో తొలి పాఠంగా ఉంటూ వచ్చింది.

చప్పుడు సంగతికి వస్తే, అది కొలమానం కాదు. చేయి కర్రలా బిగుసుకుని పడితే చప్పుడూ వస్తుంది, మోచేతికి నొప్పీ వస్తుంది. తడి తువ్వాలు జారవిడిచినట్టు భుజం నుంచి వదులుగా రావాలి, ముంజేయి, అరచేయి ఒకేసారి తగలాలి. చేయి మరీ దూరంగా భుజానికి సమానంగా చాపితే భుజం కీలు మీద ఒత్తిడి. మరీ దగ్గరైతే మోచేయి ఒంటి కిందకు పోతుంది. నా ఉద్దేశంలో కొట్టడం వల్ల అసలు లాభం వేరే ఉంది. వెనక్కి పడుతుంటే చేతులు వాటంతట అవే వెనక్కి నేల వెతుక్కుంటాయి, మణికట్టు విరిగేది అక్కడే. నేలను కొట్టే పని పెడితే చేతులకు ఆ అలవాటు పోతుంది. అరచేతుల ఎరుపు కాసేపటికి పోతే పట్టించుకోకండి. మణికట్టులోనో మోచేతిలోనో నొప్పి అంటే మాత్రం కోచ్‌కి చెప్పండి.

తల గురించి మీ టెన్షన్ సరైనదే, దాన్ని కోచ్ కూడా పంచుకోవాలి. జపాన్ పాఠశాలల్లో 1983 తర్వాత సుమారు మూడు దశాబ్దాల్లో జూడో సాధనలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. వాటిలో ఎక్కువ తల దెబ్బలే. 2012లో అక్కడి మిడిల్ స్కూళ్లలో యుద్ధవిద్యలు తప్పనిసరి పాఠ్యాంశం అయినప్పుడు దీని మీద దేశమంతా పెద్ద చర్చ జరిగింది. ఆ దెబ్బలు తిన్నవాళ్లలో ఎక్కువమంది కొత్తగా చేరిన మొదటి ఏడాది పిల్లలు. తరచుగా కనిపించిన పట్టు ఓసోతో గారి, అంటే ఎదుటివారి కాలిని వెనక నుంచి కోసినట్టు తీసి వెనక్కి పడేసే పట్టు. వెనక్కి, వేగంగా, తల నేరుగా నేల వైపు వెళ్లే పడటం అది. మెదడుకూ దాని పై పొరకూ మధ్య సన్నటి రక్తనాళాలుంటాయి. తల విసురుగా ఊగితే అవి తెగొచ్చు, కొన్నిసార్లు తల నేలకు బలంగా తగలకపోయినా సరే. గడ్డం ఛాతీకి దగ్గరగా పెట్టమని కోచ్‌లు పదేపదే అరిచేది అందుకే.

ఇది చదివి పాపను మాన్పించకండి. కోచ్‌ని అడగండి: మా పాప మీద ఓసోతో గారి మొదటిసారి ఎప్పుడు వేస్తారు? ఎవరు వేస్తారు? వాళ్లిద్దరి బరువులో తేడా ఎంత? వేసేవాళ్లు పాప జాకెట్ చేతిని చివరిదాకా పట్టుకుంటారా? తలనొప్పి అంటే మీరేం చేస్తారు? మంచి కోచ్ ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు. విసుక్కుంటే మీకు జవాబు దొరికినట్టే.

తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, వికారం, కళ్లు మసకలు, అడిగినదానికి ఆలస్యంగా జవాబు, ఇలా ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజు మళ్లీ మ్యాట్ ఎక్కకూడదు, డాక్టరుకు చూపించాలి. తలనొప్పి పెరుగుతూ పోవడం, మళ్లీ మళ్లీ వాంతులు, లేపినా లేవనంత మగత, ఫిట్స్, చేయీ కాలూ బలహీనం కావడం, రెండు కంటిపాపలు వేరువేరు సైజుల్లో ఉండటం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి. తిరిగి రావడం కూడా మెట్టు మెట్టుగానే, ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. నడక, తేలికపాటి కసరత్తు, ఎవరూ లేకుండా సాధన, ఆ తర్వాత డాక్టరు సరే అంటేనే పట్టు పట్టడం, పడటం. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగలడం చాలా ప్రమాదం. ఇంకో మాట. క్లాసు ఇష్టమైన పిల్లలు తలనొప్పి దాచేస్తారు. అడిగే తీరులో అడగండి, "చెబితే క్లాసు మాన్పిస్తాను" అనే ముఖం పెట్టకుండా.

నాకు 34 ఏళ్లు. ముందుకు రోల్ చేసిన ప్రతిసారీ కుడి భుజం కొన మ్యాట్‌కి టక్కున తగులుతుంది. ఎడమ వైపు ఏ ఇబ్బందీ లేదు. భుజం బలం తక్కువా?

బలంతో పని లేదు, దారి తప్పుతోంది. చిటికెన వేలి వైపు అంచు నుంచి ముంజేయి బయటి అంచు, అక్కడి నుంచి పైచేయి, భుజం వెనక భాగం, వీపు మీద ఏటవాలుగా వచ్చి ఎడమ తుంటి. ఇది కుడివైపు రోల్ దారి. తల ఎక్కడా నేలకు తగలదు, వెన్నెముక మీద నిలువుగా దొర్లరు. చిన్నప్పటి పిల్లిమొగ్గకూ దీనికీ తేడా అదే. మీ కుడి మోచేయి మధ్యలో మడత పడిపోయి దారి తెగుతోంది, లేదా మీరు ముందుకు చూస్తూ దొర్లుతున్నారు. ముఖం ఎడమ చంక వైపు తిప్పండి.

ఒక చిన్న పరీక్ష ఉంది. పాత నల్ల చొక్కా వేసుకుని, మ్యాట్ మీద సుద్దపొడి పల్చగా చల్లి, మోకాళ్ల మీద నుంచి ఒక్క రోల్ చెయ్యండి. చొక్కా తీసి చూడండి. కుడి భుజం వెనక నుంచి ఎడమ తుంటి దాకా ఏటవాలు గీత ఉంటే సరిగ్గా చేసినట్టు. భుజం కొన మీద గుండ్రటి మచ్చ, ఆ తర్వాత ఖాళీ ఉంటే తప్పు అక్కడే. మీ ఎడమ వైపు రోల్‌కి ఏ గీత వస్తుందో కూడా చూసి రెండూ పక్కపక్కన పెట్టుకోండి, నేను పేజీలకు పేజీలు రాసేదానికన్నా మీ చొక్కాలే బాగా చెబుతాయి. తర్వాత మ్యాట్ తుడిచిపెట్టండి, లేకపోతే మీ క్లబ్బువాళ్లు నన్ను తిడతారు.

కుడి చేతిని ఛాతీ మీదుగా ఎడమ భుజం వైపు తెచ్చినప్పుడు కాలర్ బోన్ కొన దగ్గర నొక్కినట్టు నొప్పి ఉంటే రోల్స్ ఆపి డాక్టరుకు చూపించండి. ఆ కీలు మీద మళ్లీ మళ్లీ పడితే మానడానికి చాలాకాలం పడుతుంది.

సార్, 17 ఏళ్లు, జూడో. పోటీల్లో వీపు తగిలితే ఇప్పోన్, అంటే ఆటను ముగించే పూర్తి పాయింటు, పోతుంది కదా, అందుకని పడుతూ పడుతూ చేయి ఆనించి తిప్పుకుంటాను, ఒక్కోసారి తల, పాదాల మీద ఆని ఒళ్లు విల్లులా ఎత్తి బ్రిడ్జి కూడా వేస్తాను. చాలాసార్లు బయటపడ్డాను. కోచ్ మాత్రం తిడుతూనే ఉన్నారు.

తిట్టనివ్వు బాబూ. చాచిన చేతి మీద పడితే ఆ బలమంతా మణికట్టు నుంచి మోచేతికి, అక్కడి నుంచి కాలర్ బోన్‌కి ఎక్కుతుంది. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ విరుగుతుంది, లేదా మోచేయి కీలు తప్పుతుంది. మణికట్టులో బొటనవేలి వైపు స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంది. అది విరిగితే మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. రక్తం తక్కువగా అందే ఎముక కాబట్టి మానడమూ కష్టం. బెణుకని కట్టు కట్టుకుని తిరిగి, తర్వాత బాధపడేవాళ్లుంటారు. బొటనవేలి మొదట్లో గుంట దగ్గర నొక్కితే నొప్పి ఉంటే బెణుకని నువ్వే తేల్చుకోకు.

బ్రిడ్జి ఇంకా దండగ. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం బ్రిడ్జి భంగిమలో దిగితే దాన్ని ఇప్పోన్‌గానే లెక్కిస్తారు. అంటే మెడ పణంగా పెట్టి కూడా ఓడిపోతావు. విసిరేటప్పుడు తల ముందుగా నేలలోకి దూకినవాడిని అక్కడికక్కడే ఓడినట్టు ప్రకటిస్తారు. ఈ నియమాలు ఎందుకు వచ్చాయో వేరే చెప్పాలా? విసురుడు తగలకుండా ఉండాలనుకుంటే గాల్లోకి లేవకముందే ఆపు. పట్టు దగ్గర, అడుగు దగ్గర, తుంటి దగ్గర. గాల్లో ఉన్నావంటే ఆ పాయింటు పోయింది, చక్కగా పడి లే.

పడటం ఎంత బాగా వచ్చినా కాపాడని పట్లు కొన్ని ఉన్నాయని కూడా తెలుసుకో. రెండు కాళ్లతో కత్తెరలా ఎదుటివాడి కాళ్లను పట్టి వెనక్కి పడేసే కానీ బసామి అలాంటిది. 1980లో జపాన్ జాతీయ పోటీలో ప్రపంచ విజేత యాసుహిరో యమాషితా అంతటివాడి కాలు దానితోనే విరిగింది. పాదం నేలకు అతుక్కుని ఉండగా పక్క నుంచి బరువు వచ్చి పడితే ఉకెమి, అంటే సరిగ్గా పడటం, చెయ్యడానికి సమయమే ఉండదు. జూడో పోటీల్లో ఇప్పుడది నిషిద్ధం. సాధనలో ఎవరైనా సరదాకి వేస్తానంటే వద్దని చెప్పే హక్కు నీకుంది.

చైనా యుద్ధవిద్య వుషు చేస్తాను. నేల మీద దొర్లే, పడే కదలికలున్న దిటాంగ్ చువాన్ వరస నాకు ఇష్టం. త్వరలో వేదిక మీద ప్రదర్శన ఉంది. చెక్క నేల, మ్యాట్ పరవరు. ఎలా తయారవ్వాలి?

వరసనే మార్చుకోండి. పోటీల్లో మీరు చేసేది 14 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్న తివాచీ మీద. దాని కింద మెత్తటి పొర ఉంటుంది. ఆ కదలికలన్నీ ఆ నేలను నమ్ముకుని కూర్చినవి. ఉత్త చెక్క మీద దొర్లుతూ సాగిపోయే కదలికలు ఉంచుకోండి. శరీరమంతా ఒకేసారి బల్లపరుపుగా దిగేవి, ఛాతీ మీద దిగేవి తీసేయండి. చూసేవాళ్లకు ఎత్తు తగ్గిందన్న సంగతి తెలియదు, వేగం, కళ్లు, చేతులు బాగుంటే చాలు. వెల్లకిలా ఉండి ఒక్క ఊపుతో లేచే కదలిక ఉంచుకోవచ్చు. కానీ అరచేతులతో తోసి లేవండి, మెడతో కాదు.

వేదిక మీద కనీసం ఒకసారి సగం వేగంతో మొత్తం వరస చేసి చూడాలి. నిర్వాహకులు కుదరదంటే పడే కదలికలు అన్నీ తీసేయండి. చెక్కల సందులు, లేచిన మేకులు, కింద పాకిన వైర్లు చేత్తో తడిమి చూడండి. అన్నట్టు, లైట్ల వేడికి అరచేతులు చెమట పడతాయి, తువ్వాలు పక్కనే ఉంచుకోండి.

58 ఏళ్ల మహిళను. యుద్ధవిద్య నేర్చుకోవాలని లేదు, పడినా తుంటి విరగకుండా పడటం మాత్రం నేర్చుకోవాలనుంది. ఈ వయసులో సాధ్యమా మాస్టారూ?

సాధ్యమే. పైగా మీది ఈ ఉత్తరాలన్నిటిలో తెలివైన కోరిక. నెదర్లాండ్స్ పరిశోధకులు పక్కకి పడే యుద్ధవిద్య పద్ధతిని ప్రయోగశాలలో కొలిచి చూశారు. చేయి ఆనించి ఆపుకునే మామూలు పడటంతో పోలిస్తే, దొర్లుతూ పడినప్పుడు తుంటి మీద పడే బలం నాలుగో వంతుకు పైగా తగ్గింది. అందులో చేత్తో నేలను కొట్టినా కొట్టకపోయినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి పైన పాప విషయంలో చెప్పిన చప్పుడు మీకు అక్కరలేదు. దొర్లడమే మీ పాఠం.

ముందు డాక్టరును రెండు విషయాలు అడగండి. ఎముకల సాంద్రత ఎంత ఉంది? వాడుతున్న మందుల్లో రక్తం పల్చబరిచేవి ఉన్నాయా? రెండోది ఉంటే పడే సాధన వద్దు, చిన్న తల దెబ్బ కూడా లోపల రక్తస్రావానికి దారి తీయొచ్చు. అప్పుడు నిలకడ, కాళ్ల బలం పెంచే కసరత్తులు చెయ్యండి, అవి పడకుండానే కాపాడతాయి. ఎముకలు బాగా పల్చబడి ఉన్నా డాక్టరు, అనుభవం ఉన్న కోచ్ ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప మొదలుపెట్టకండి.

ఏ అడ్డూ లేకపోతే మందమైన మ్యాట్ మీద, కూర్చున్న స్థితి నుంచి మొదలు. పక్కకి వాలి, పిరుదు కండ నుంచి వీపు పక్కకు దొర్లండి, గడ్డం లోపలికి. కొన్ని వారాలకు మోకాళ్ల మీద నుంచి. నిలబడి పడటం దాకా వెళ్లకపోయినా నష్టం లేదు. ముందుకు పడే పద్ధతులు మీకు వద్దు, మణికట్టుకు మంచిది కాదు. ప్రతిసారీ నేల మీద నుంచి ఎవరి సాయం లేకుండా లేవడం కూడా సాధన చెయ్యండి. పక్కకి తిరిగి, చేతుల మీద, మోకాళ్ల మీద, ఒక పాదం ముందుకు పెట్టి. నిజంగా పడిన రోజు అది పడటమంత పనికొస్తుంది. మీ వయసువాళ్లను పిల్లల బ్యాచ్‌లో కలిపేసే క్లబ్బుకు మాత్రం వెళ్లకండి.

నాలుగు రోల్స్ చేస్తే చాలు కళ్లు తిరుగుతున్నాయి. అలవాటవుతుందా?

చాలామందికి అవుతుంది. రెండు రోల్స్ చేసి ఆగండి, ఒక స్థిరమైన వస్తువును చూడండి, తర్వాత రెండో వైపు చెయ్యండి. ఊపిరి బిగపట్టకండి. మంచం మీద పక్కకి ఒత్తిగిల్లినా గది గిర్రున తిరిగినట్టు ఉంటే అది లోపలి చెవికి సంబంధించినది కావచ్చు, చెవి డాక్టరుకు చూపించండి. అది తేలికగా నయం చేయగలిగే రకం అయ్యే అవకాశమూ ఉంది.

మ్యాట్ మీద నేర్చుకున్నది రోడ్డు మీద పనికొస్తుందా?

గడ్డం లోపలికి పెట్టడం, చేయి చాచకపోవడం, దొర్లడం పనికొస్తాయి. చేత్తో నేలను కొట్టడం గట్టి నేల మీద వద్దు, ఎముక విరగ్గొట్టుకుంటారు. గాల్లో తిరిగి పడటాన్ని రోడ్డు మీద పరీక్షించాలని ఉందని ఇదే ఉత్తరంలో కింద రాశారు. దానికి జవాబు రాయను.

చెవిపోగులకు టేపు అతికించుకుంటే సరిపోతుందా మాస్టారూ? తీస్తే రంధ్రం మూసుకుపోతుందని భయం.

సరిపోదు. టేపు కింద కూడా వెనక మర మెడలోకి గుచ్చుకుంటుంది, ఎవరి వేలో తగులుకుంటే చెవి తమ్మె చీలుతుంది. గంటన్నర క్లాసుకు రంధ్రం మూసుకుపోదు. కొత్తగా కుట్టించుకున్నవైతే మానేవరకు విసురుళ్లలో పాల్గొనకుండా పక్కన భంగిమలు సాధన చేసుకోండి. ఉంగరాలు, గొలుసులు కూడా తీసేయాలి. చేతి గోళ్లు, కాలి గోళ్లు కత్తిరించుకుని రండి. కాలి గోరు మ్యాట్ల మధ్య సందులో ఇరుక్కుంటే ఎంత బాధో ఇరుక్కున్నవాళ్లను అడగండి. సాధనకు ముందు ఆ సందులు మూసి పెట్టడం ఎవరి పని అని మీ క్లబ్బులో ఇంకా తేలకపోతే, అది మీ పనే అనుకోండి.